కనుమలో ఆగని బండి

కోక్‌సాయ్
సెప్టెంబరు 9, 2007

తాలాయ్‌కి వదిన దీవెనలు.

ఇక్కడ మనుషులూ గొర్రెలూ అందరూ క్షేమం, ఒక్క నా నడుము తప్ప. ఆగస్టులో పై మేతల దగ్గర ఎవరిదో ఆవుకి దూడ అడ్డం తిరిగిందని కబురొస్తే గుర్రమెక్కి బయల్దేరాను. వాగు దాటుతుంటే ముసలి గుర్రం మోకాళ్ళ మీద కూలింది. అది లేచింది, నేను లేవలేదు. పదిహేను రోజులు మంచం మీదే. మూడు ఊళ్ళకీ పశువుల డాక్టర్ని నేనొక్కదాన్నే. డాక్టరు పడుకుంటే పశువులు ఆగుతాయా?

అందుకని ఒక పాత కారు కొందామనుకుంటున్నాను. నువ్వు బిష్కెక్‌లో బళ్ళు బాగుచేసేవాడివి, ఆదివారం కార్ల సంతలో ప్రతి దొంగా నీకు తెలుసు. నిన్ను నమ్మి అడుగుతున్నానని పొంగిపోకు. నువ్వు తప్ప వేరే గతి లేక అడుగుతున్నాను. పోయినసారి ఆ ఎర్రబండిలో వచ్చి ఊరంతా దుమ్ము లేపావు, మూడోరోజు ట్రాక్టరుతో లాగించుకుని పోయావు. అలాంటిది నాకొద్దు. చలికాలం పొద్దున ఒక్క తిప్పుకి స్టార్టవ్వాలి. కనుమ ఎక్కి దిగాలి. అంతే. అందం చందం అక్కర్లేదు.

మీ అన్నయ్యకి చెప్పాను. ఎవరిదో రేడియో విప్పుకుని కిటికీ దగ్గర కూర్చున్నారు. "ఊఁ" అన్నారు. ఆ ఊఁకి అర్థమేమిటో రెండేళ్ళుగా నాకు తెలియడం లేదు. కనుమలో లారీ పడిపోయి, పక్కనున్న సహడ్రైవరు చనిపోయిన దగ్గర్నుంచీ ఆయన స్టీరింగు ముట్టుకోలేదని నీకు తెలుసు. కాబట్టి నడిపేది నేనే. ఏప్రిల్‌లో లైసెన్సు కూడా తెచ్చుకున్నాను.

ఈ లోయలోకి ఫోన్లు ఎప్పుడొస్తాయో గానీ, జవాబు బిష్కెక్ తిరిగే జుమాష్ వ్యాన్‌లోనే పంపు. కవరు గట్టిగా అంటించు. వాడు చదువుతాడు.

సైరా


బిష్కెక్
సెప్టెంబరు 24

వదినకి నమస్కారం.

కవరు అంటించి, అంటించిన చోట నా గ్రీజు వేలిముద్ర కూడా వేశాను. చెదిరితే జుమాష్ చెవులు మీవి.

రెండు ఆదివారాలు సంతలోనే గడిచాయి. మొదటివారం ఒకాయన ప్రమాణం చేసి మరీ చెప్పాడు, తన బండిని ఒకే ఒక్క పంతులమ్మ నడిపిందట. మీటరులో అరవై వేల కిలోమీటర్లు. బ్రేకు పెడలు చూస్తే రబ్బరు పోయి ఇనుము తళతళలాడుతోంది. "పంతులమ్మ బూట్లకి నాడాలు కొట్టించుకుందా అన్నా?" అన్నాను. మరోదాని తలుపుకి అయస్కాంతం పెడితే జారిపోయింది. లోపలంతా పుట్టీ. ఇంకోదాని తివాచీ ఎత్తి వాసన చూశాను. నది వాసన. వరదలో మునిగిన బండి. "అబ్బే, మా ఆవిడ చేపలు తెచ్చింది" అన్నాడు పెద్దమనిషి.

చివరికి రెండు మిగిలాయి.

ఒకటి బూడిద రంగు జపాన్ బండి. పదకొండేళ్ళది. నాలుగు చక్రాలూ లాగుతాయి. మందుల షాపాయన అమ్ముతున్నాడు. ఇంజను ఆయిలు మార్చిన ప్రతి తేదీ రాసిపెట్టుకున్నాడు. నడిపి దిగాక నడిపినట్టే గుర్తులేదు. చప్పుడు లేదు, కుదుపు లేదు, ప్రాణం లేదు. ఉప్పెయ్యని ఉడకబెట్టిన బంగాళాదుంప.

రెండోది ముదురాకుపచ్చ జర్మన్ బండి. ఏం చెప్పమంటారు వదినా! తాళం తిప్పగానే పాటకి ముందు గొంతు సవరించుకున్నట్టు ఓ చిన్న దగ్గు. ఊరు దాటించి కొండదారి ఎక్కించాను. రోడ్డు ఎలా ఉందో స్టీరింగు నా అరచేతికి చెబుతోంది. ఇక్కడ కంకర, ఇక్కడ తడి, ఇక్కడ మొన్ననే వేసిన తారు. మలుపులో బండి పక్కకి ఒరగదు, నేలని పట్టుకుని తిరుగుతుంది. రెండో గేరులో ఎత్తు లాగుతుంటే, ఇంకా ఉందా దారి, ఇంకా ఉందా అని అడుగుతున్నట్టుంది. పైకెళ్ళి ఆపి, పని లేకపోయినా మళ్ళీ కిందికి దిగి మళ్ళీ ఎక్కాను. పాతికేళ్ళప్పటి అన్నయ్య పక్కన కూర్చున్నట్టనిపించింది. అబద్ధం ఎందుకు, కింద ఒకచోట ఆయిలు చెమరుస్తోంది. వైర్లు ఎవడో కెలికాడు. విడిభాగం కావాలంటే వారం ఆగాలి. అయినా నా మనసు దాని మీదే ఉంది.

మీరే చెప్పండి. ఒక్క సందేహం మాత్రం తీర్చండి. గుర్రం పడింది ఆగస్టులో. లైసెన్సు తెచ్చుకుంది ఏప్రిల్‌లో. జోస్యం కూడా నేర్చుకున్నారా వదినా?

మీ మరిది
తాలాయ్


కోక్‌సాయ్
అక్టోబరు 2

తాలాయ్,

ముప్ఫై ఎనిమిదేళ్ళ ఆడదానికి లైసెన్సు ఉండకూడదని ఎక్కడా రాసి లేదు కాబట్టి తెచ్చుకున్నాను. చాలా?

నేను ఇరవయ్యేళ్ళుగా గుర్రాల బేరాలు చూస్తున్నదాన్ని. అమ్మేవాడు పళ్ళు చూపిస్తుంటే నేను డెక్కలు చూస్తాను. నువ్వు ఆకుపచ్చ బండి గురించి పేజీ నిండా రాశావు. బూడిద దాని గురించి ఐదు లైన్లు. లెక్కపెట్టాను. ఆ బండి నాక్కావాలా, నీక్కావాలా? నా డబ్బుతో కొని, 'వదినా, కనుమకి ఇది పనికిరాదు, ఇక్కడే ఉండనీ' అని నీ షెడ్డులో కట్టేసుకుందామనా?

ఇంకో సంగతి. జుమాష్ ఆరోజు రెండు కవర్లు తెచ్చాడు. ఒకటి నాకిచ్చాడు. రెండోది నేను గొర్రెల దొడ్డివైపు వెళ్ళాక మీ అన్నయ్య చేతిలో పెట్టాడు. నేను వెళ్ళలేదు, దొడ్డి తడిక వెనకాలే ఉన్నాను. దాని మీద కూడా గ్రీజు వేలిముద్రే. ఆయన చదివి కోటు లోపలి జేబులో పెట్టుకున్నారు.

"ఎవరు రాశారు?" అన్నాను.

"రేడియో పార్టు గురించి."

"రేడియో పార్టుకి రెండు పేజీలా?"

"పెద్ద రేడియో."

రెండేళ్ళలో ఆయన నాతో అన్నవాటిల్లో పొడుగు సంభాషణ ఇదే. అదీ అబద్ధం. అన్నదమ్ములిద్దరూ ఏం వండుతున్నారు? ఆకుపచ్చ బండి కొనమని ఆయనే చెబుతున్నారు కదూ? రేపు దాన్ని తీసుకుని మళ్ళీ ఆ కనుమ మీదికే పోవాలనా? ఒకసారి ఆయన్ని కనుమలోంచి మోసుకొచ్చారు. రెండోసారి చూడ్డానికి నాకు ఓపిక లేదు.

బూడిద దాన్ని ఇంకోసారి చూసి ఇవి రాయి: హీటరు వెనక సీటు దాకా వస్తుందా, చలిలో పెట్టి చూశావా, అడుగుభాగం తుప్పు పట్టిందా, ఆ మందుల షాపాయన ఎందుకు అమ్ముతున్నాడు? మంచి బండిని ఎవడూ ఊరికే అమ్ముకోడు.

ఎండు పెరుగుండలు పంపుతున్నాను. ముప్ఫై. నీకెన్ని అందాయో రాయి.

సైరా


బిష్కెక్
అక్టోబరు 14

వదినకి,

పంతొమ్మిది అందాయి.

మందుల షాపాయనకి చూపు మందగించింది, కొడుకులు నడపనివ్వడం లేదు. తాళం నా చేతికిస్తూ బండి పైకప్పు మీద రెండుసార్లు తట్టాడు. అందుకే అమ్ముతున్నాడు. అడుగు శుభ్రం. హీటరు వెనక్కి వస్తుంది.

అవును, అన్నయ్యకి రాశాను. అన్నయ్య జవాబు కూడా రాశాడు. అందులో ఏముందో చెప్పను. చెప్పనని మాటిచ్చాను. మీరనుకుంటున్నది మాత్రం కాదు.

ఇక మీరు అడిగినట్టే నేనూ ముక్కుసూటిగా అడుగుతాను. సెప్టెంబరు చివర్లో మీరు మంచి కోటు వేసుకుని, కాగితాల సంచీ పట్టుకుని జుమాష్ వ్యాన్‌లో కనుమ దాటి నారిన్ వెళ్ళారట. జిల్లా పశువుల ఆసుపత్రి దగ్గర దిగారట. మూడు గంటలు లోపలే ఉన్నారట. బయటికొచ్చి ఒంటరిగా టీ తాగారట. కోక్‌సాయ్‌లో ఎవరికీ చెప్పొద్దని జుమాష్‌తో అన్నారట. వాడు మాట తప్పలేదు. కోక్‌సాయ్‌లో ఎవరికీ చెప్పలేదు, బిష్కెక్ వచ్చి నాకు చెప్పాడు.

కారు ఆవుల కోసమా వదినా? లేక మా అన్నయ్యని వదిలి వెళ్ళిపోడానికా?

నేను ఆకుపచ్చ దాన్ని ఎందుకు పట్టుకు వేలాడుతున్నానో ఇప్పుడు చెబుతాను. వాకిట్లో అలాంటి బండి ఉంటే ఏదో ఒకరోజు అన్నయ్య లేచి దాని దగ్గరికి వస్తాడు. బానెట్ ఎత్తుతాడు. ఆ ఆయిలు ఎక్కడ కారుతోందో చూడకుండా ఉండలేడు. తర్వాత ఒకసారి స్టార్ట్ చేస్తాడు. మా అన్నయ్య నాకు తెలుసు. చెడిపోయే బండే మనిషిని లేపుతుంది. చెడిపోని బండితో అన్నయ్యకేం పని?

కాబట్టి ఇద్దరి కోసమైతే ఆకుపచ్చది. వెళ్ళిపోయే ఒక్కరి కోసమైతే బూడిదది. ఏది కొనమంటారో మీరే చెప్పండి.

తాలాయ్


కోక్‌సాయ్
అక్టోబరు 21

తాలాయ్,

బూడిదది కొను.

ఇంతటితో ఆపేద్దామనుకున్నాను. కానీ నువ్వు నన్ను దొంగని చేసి కూర్చోబెట్టావు కాబట్టి విను.

మీ అన్నయ్యని నేను నమ్మకం చూసి చేసుకోలేదు. నమ్మకమైన సంబంధం వేరే వచ్చింది, నారిన్ బ్యాంకులో పనిచేసేవాడు. మా అమ్మ వాడికే ఇస్తానంది. ఆ నెలలోనే మీ అన్నయ్య లారీలో నన్ను మందుల పెట్టెలతో సహా కనుమ దాటించారు. పాటలు పాడుతూ, ఒంటిచేత్తో, ప్రతి మలుపునీ పేరు పెట్టి పలకరిస్తూ. కనుమ దిగేసరికి బ్యాంకు వాడి ముఖం కూడా నాకు గుర్తు రాలేదు. సరదా చూసి చేసుకున్నదాన్ని నేను. పదమూడేళ్ళు ఒక్కరోజు కూడా బాధపడలేదు.

తర్వాత ఈ రెండేళ్ళు. తిను అంటే తింటారు. పడుకో అంటే పడుకుంటారు. నేను పశువులతో రోజంతా మాట్లాడి ఇంటికొస్తాను, అవే నయం, కనీసం చెవులు కదుపుతాయి. ఏప్రిల్‌లో ఒకరోజు పొయ్యి దగ్గర నా గొంతు నాకే వినిపించి ఉలిక్కిపడ్డాను. ఆ వారమే లైసెన్సుకి వెళ్ళాను. అవును, జిల్లా ఆసుపత్రిలో ఉద్యోగానికి కాగితాలు పెట్టాను. ఫిబ్రవరి నుంచి రమ్మన్నారు. నవంబరు మధ్యలోపు జవాబు చెప్పాలి. వెళ్తానో లేదో నాకే తెలీదు. నీకేం చెప్పను?

ఇప్పుడు నా లెక్క నేను అడుగుతాను. ఆయన నీకు ఉత్తరం రాశారు. నాతో పది మాటలు మాట్లాడని మనిషి నీకు పేజీలు రాశారు. నా మీద ఫిర్యాదే అయ్యుంటుంది. అది నాకు చూపించు. చూపించకపోతే కారూ వద్దు, మరిదీ వద్దు.

సైరా


బిష్కెక్
నవంబరు 3

వదినా,

బండి వస్తోంది. జుమాష్ బావమరిది నడుపుకొస్తాడు. బూడిదదే.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. మీ ఉత్తరం అందేనాటికి ఆకుపచ్చ బండి రెండురోజులుగా నా షెడ్డులో ఉంది. మీరు ఏం రాసినా అదే పంపేద్దామని తెచ్చిపెట్టుకున్నాను. మీ మీద కోపంతో. 'చూద్దాం, దీంతో ఎలా వెళ్ళిపోతుందో' అని. నా వదిన కనుమలో ఆగిపోవాలని కోరుకునేంత దాకా వెళ్ళాను. బుధవారం పొద్దున అన్నయ్య రెండో ఉత్తరం వచ్చింది. చదివి, ఆకుపచ్చ దాన్ని తిరిగి ఇచ్చేసి, తిన్నగా మందుల షాపాయన ఇంటికి వెళ్ళాను.

మాట తప్పుతున్నాను. అన్నయ్య ఉత్తరం ఉన్నదున్నట్టు ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

"తమ్ముడూ, నీ ఆకుపచ్చ బండి కబుర్లు ఆపు. నన్ను లేపడానికి ఆమె డబ్బు ఖర్చుపెట్టకు. మీ వదిన నారిన్ వెళ్ళిపోతుంది. నాతో చెప్పలేదు. కాగితాలు పిండి డబ్బా వెనక కనబడ్డాయి. అడిగితే ఆగిపోతుంది, అందుకని అడగలేదు. చలికాలంలో ఒక్కతే కనుమ ఎక్కుతుంది. బ్యాటరీ కొత్తది వెయ్యి. టైర్లు మంచులో జారకుండా మేకులు కొట్టినవి వెయ్యి. బ్రేకులు నువ్వే స్వయంగా విప్పి చూడు, ఎవరికీ అప్పజెప్పకు. నా బండి ఆగాల్సిన చోట ఆగలేదు. ఆమె బండి ఆగకూడని చోట ఆగకూడదు. ఇది నేను రాశానని చెప్పకు. నాకు ఇంతకంటే రాయడం రాదు."

మొదటి ఉత్తరంలో నారిన్ సంగతి లేదు గానీ, బండి గురించి ఇదే ఉంది, ఇంకా పొట్టిగా. నేనే వినలేదు.

బ్రేకులు మూడుసార్లు విప్పాను వదినా. బ్యాటరీ, టైర్లు కొత్తవి. స్టీరింగు మన బళ్ళకిలా ఎడమవైపు కాదు, కుడివైపు ఉంటుంది, జపాన్ నుంచి వచ్చినవన్నీ అంతే. జాగ్రత్తగా అలవాటు చేసుకోండి.

వెళ్ళినా, ఉన్నా, మీరు నాకు వదినే.

తాలాయ్


కోక్‌సాయ్
నవంబరు 17

తాలాయ్‌కి,

నీ ఉత్తరం గొర్రెల దొడ్డిలో నిలబడి చదివాను. ఎన్నిసార్లో చెప్పను. ఇంట్లోకి వచ్చి మీ అన్నయ్యకి టీ పోశాను, ఊఁ అన్నారు. ఇన్నాళ్ళూ ఆయన ఊఁలో నాకు ఏమీ పట్టనట్టు వినిపించేది. ఆ పూట ఏం వినాలో తెలియలేదు.

బండి బాగుంది. ఒక్క తిప్పుకి లేస్తుంది. వారం రోజులు ఊళ్ళో తిప్పాను, తడిక ఒకటి పడగొట్టాను. మొన్న సోమవారం నారిన్ వెళ్ళి జవాబు చెప్పాల్సిన రోజు.

"కనుమ దాకా రండి" అన్నాను.

"నేను నడపను."

"నడపమని ఎవరన్నారు? పక్కన కూర్చోండి."

చాలాసేపు కోటు బొత్తాలు పెట్టుకుంటూ ఉన్నారు. రారనుకున్నాను. వచ్చారు.

ఎడమవైపు కూర్చున్నారు. ఆయన జన్మంతా స్టీరింగు పట్టుకున్న వైపు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ కింద పెట్టుకున్నారు. మలుపు వచ్చినప్పుడల్లా కుడికాలు నేలని నొక్కుతోంది. అక్కడ బ్రేకు లేదు. లారీ పడిన చోటు వచ్చింది. ఆయన తల తిప్పుకోలేదు. కిందికి చూశారు. నేను వేగం తగ్గించాను. "ఫరవాలేదు, పోనీ" అన్నారు.

ఆ తర్వాత బొగ్గు లారీ ఒకటి అడ్డం తగిలింది. నడకలా పాకుతోంది. నల్లపొగ మా మీదే. మన రోడ్డు మీద కుడి పక్కనే పోవాలి, నేనూ కుడివైపే కూర్చున్నాను కదా, లారీ వెనక భాగం తప్ప ఇంకేమీ కనబడదు. దాటాలంటే ఎదర ఏముందో చూడగలిగేది ఆయన ఒక్కరే. పావుగంట దాని వెనకే పోయాను. ఆయన్ని అడగకూడదనుకున్నాను. నిజం చెప్పాలంటే, అడగడానికి భయం వేసింది. రెండేళ్ళు నా మొహమే సరిగ్గా చూడని మనిషి చెప్పిన మాట మీద లోయ అంచున బండి ఎలా బయటికి తీస్తాను?

చివరికి, "ఏమైనా కనబడుతోందా?" అన్నాను.

అద్దం దించారు. తల బయటపెట్టారు. మంచుగాలి లోపలికి కొట్టింది.

"ఆగు" అన్నారు. కాస్సేపటికి, "నీలం వ్యాను ఒకటి వస్తోంది. పోనీ దాన్ని." వ్యాను పోయింది. "ఇంకా ఆగు. మలుపు." గేరు దింపాను. "ఇంకా... ఇంకా... ఇప్పుడు. పో సైరా, పో!"

నాకు ఏమీ కనబడలేదు తాలాయ్. పోయాను. లారీ చక్రాలు నా కిటికీ పక్కనుంచి వెనక్కి పోయాయి. ఎదర ఖాళీ రోడ్డు, ఎండ. రెండేళ్ళ తర్వాత ఆయన నన్ను పేరు పెట్టి పిలిచారు.

పైన బండి ఆపాను. ఆపకుండా నడపలేకపోయాను. ఫ్లాస్కులో టీ పోసుకున్నాం.

"ఇది బండి కాదు, కుట్టుమిషన్" అన్నారు.

నేను నవ్వాను. నవ్వు ఎక్కడ ఏడుపైందో నాకు తెలియలేదు. ఆయన తన కప్పులో టీ కూడా నా కప్పులో పోశారు.

"మీ ఉత్తరం చదివాను" అన్నాను.

"తెలుసు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు."

"నన్ను ఒక్కమాట అడగొచ్చుగా? ఉండమని."

"నేనే లేవలేనివాణ్ణి. నిన్ను ఏ మొహంతో కూర్చోమంటాను?"

ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. చనిపోయిన ఆ మనిషి గురించి కూడా చెప్పారు, మొదటిసారి. అవి నీకు రాయను.

ఆయన కూడా నారిన్ దాకా వచ్చారు. ఉద్యోగానికి ఒప్పుకున్నాను. ఫిబ్రవరిలో చేరతాను. ఆసుపత్రి వాళ్ళు ఇచ్చే ఒక్క గది వద్దన్నాను. ఇద్దరు ఉండేది కావాలంటే, ఊరి చివర పొయ్యి సరిగ్గా మండని ఇల్లు ఒకటి ఉందన్నారు. మీ అన్నయ్య వెళ్ళి పొయ్యి చూసి, గొట్టం మారిస్తే చాలన్నారు. గొర్రెల ఈతలయ్యాక ఏప్రిల్‌లో వస్తానన్నారు. వస్తారా అని మళ్ళీ అడగాలని నాలుక చివరి దాకా వచ్చింది. అడగలేదు.

వచ్చేటప్పుడు కూడా నేనే నడిపాను. దారిపొడుగునా నా గేర్లకి వంకలు పెట్టారు. నీ బ్రేకుల్ని మాత్రం మెచ్చుకున్నారు.

ఈ వ్యాన్‌లోనే నీకు ఆయన ఉత్తరం కూడా వస్తోంది. రాత్రి భోజనం ముందు రాశారు. బల్ల మీదే పెట్టి గొర్రెలకి గడ్డి వెయ్యడానికి వెళ్ళారు, కవరు ఇంకా అంటించలేదు. నేనే అంటించాను. చదవలేదు.

నీ వదిన
సైరా